సున్నము, అమ్మోనియా యెరువు: రసాయన సమీకరణ పాఠము

సహకార సంఘము సభ్యులకు మంచి యెరువును సరసమైన వెలకు తెప్పించి యీయగలదు. తెచ్చుకొనిన యెరువు గాలిపాలు కాకుండ కాపాడుకొనుట మాత్రము రైతు చేతిలోని పని. కూలి కలిసివచ్చునని సున్నమును, అమ్మోనియం సల్ఫేటును ఒక్కటిగా కలిపి చల్లుట నష్టకరము. అది యేల నష్టమో తెలియుటకు రసాయన సమీకరణము వ్రాయుట నేర్వవలయును. జమాఖర్చు వ్రాయగలవారికి ఇది కష్టమైన పని కాదు.

పదార్థములు తమలో కలిసియో, విడిపోయియో, వేఱు గుణములుగల క్రొత్త పదార్థములగుటయే రసాయనిక చర్య. ఉప్పును ఇసుకను కలిపినంతమాత్రమున చర్య జరుగదు. నీట కడిగి వానిని వేఱుచేయవచ్చును. సున్నపురాయిని బట్టీలో కాల్చినచో రాతిసున్నమును, బొగ్గుపులుసు గాలియు నగును. రాతిసున్నముపై నీరు చల్లినచో వేడెక్కి, పొంగి, పొడి యగును. ఇవి చర్యలు.

చర్యకు ముందున్న బరువు తరువాతను అంతయే యుండునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవాజియే 1789లో ప్రకటించిన గ్రంథమున విశదపరచెను. పరమాణువులు చోటు మారునే కాని పుట్టవు, నశింపవు. కావున సమీకరణమున రెండు వైపుల లెక్క సరిపడవలయును.

శాస్త్రజ్ఞులు మూలపదార్థములకు లాటిన్ అక్షరములను గుర్తులుగా వాడుదురు. ఇచ్చట సౌలభ్యమునకై తెలుగు పేళ్ల మొదటి యక్షరములను గ్రహించుచున్నాము. ఉదజని ఉ, కర్బనము క, నత్రజని న, ఆమ్లజని ఆ, గంధకము గ, సున్నమునందలి ఖటికము ఖ. వీని పరమాణు భారములు వరుసగా 1, 12, 14, 16, 32, 40. గుర్తు ప్రక్కన క్రిందనున్న అంకె పరమాణువుల సంఖ్య. ముందున్న అంకె అణువుల సంఖ్య. కుండలీకరణము వెలుపలి అంకె లోపలివాని నన్నిటిని హెచ్చించును.

బట్టీలోని చర్య: ఖకఆ₃ → ఖఆ + కఆ₂

నీరు చల్లినప్పటి చర్య: ఖఆ + ఉ₂ఆ → ఖ(ఆఉ)₂

మొదటి దానిలో 100 పాళ్ల రాయి, 56 పాళ్ల రాతిసున్నము, 44 పాళ్ల గాలి యగును. లెక్క సరిపోయినది.

ఇక యెరువు సంగతి. అమ్మోనియం సల్ఫేటు తడిపిన సున్నముతో కలిసినచో జిప్సము జాతి లవణమును, అమ్మోనియా గాలియు, నీరును అగును. మొదట నిట్లు వ్రాయుదము:

(నఉ₄)₂గఆ₄ + ఖ(ఆఉ)₂ → ఖగఆ₄ + నఉ₃ + ఉ₂ఆ

ఎడమవైపున నత్రజని 2, కుడివైపున 1. కావున నఉ₃ ముందు 2 వేయవలెను. ఇప్పుడు ఉదజని ఎడమ 10, కుడి 8. నీటి ముందును 2 వేసినచో అదియు 10 అగును. ఆమ్లజని ఇరువైపుల 6.

(నఉ₄)₂గఆ₄ + ఖ(ఆఉ)₂ → ఖగఆ₄ + 2నఉ₃ + 2ఉ₂ఆ

బరువులు: 132 + 74 = 136 + 34 + 36. ఇరువైపుల 206.

ఈ చిట్టాలో నత్రజని యే పద్దున పడినదో చూడుడు. అంతయు గాలి పద్దుననే! 50 కిలోల సంచిలో సుమారు 10½ కిలోల నత్రజని యుండును. దాని నంతను వెడలగొట్టుటకు 28 కిలోల సున్నము చాలును. పొలమున నంతయు ఒక్కసారిగా పోదు. తేమ, ఎండ, గాలులను బట్టి పోవును. పోయినంతవరకు పైకమే.

ఇంట పరీక్షింపవచ్చును. చిప్పలో చిటికెడు ఎరువును, చిటికెడు సున్నమును వేసి నీటి చుక్కలు చల్లుడు. పసుల కొట్టములోని ఘాటు వాసన వచ్చును. పసుపునీట తడిపిన గుడ్డను సున్నమునకు తగులకుండ పైన పట్టినచో పారాణివలె ఎఱ్ఱబారును. అదియే పోవుచున్న అమ్మోనియా.

పులుపు నేలలకు సున్నము మేలే. మట్టి పరీక్ష చేయించి, కొన్ని వారములు ముందుగా చల్లి దున్నవలెను. తరువాత నెరువును మట్టిలో కప్పబడునట్లు వేయవలెను. సున్నపుపాలు హెచ్చుగాగల నేలలలో సున్నము చల్లకపోయినను, పైపైన విడిచిన యెరువు ఇట్లే కొంత నష్టమగును. యూరియాయు నేలలో అమ్మోనియాగా మారునది గాన దానికిని ఈ జాగ్రత్త వలయును.

సంఘపు చిట్టాలో కాని యొకటి తగ్గినను అడుగుదుము. ఎరువు చిట్టాను సైతము అట్లే చూచుకొందము.