గోధుమ పొట్టు చేయు మేలు, కీడు

అన్నమే ప్రధానాహారముగా గల మన పల్లెలలో నేడు రాత్రిపూట గోధుమ రొట్టెలు చేసికొనువారి సంఖ్య పెరిగినది. మధుమేహము వచ్చినదని కొందఱు, రాకుండుటకై మఱికొందఱు ఈ అలవాటు చేసికొనిరి. ఇటీవల ఒక గ్రామ సభలో ఒక తల్లి లేచి, "పొట్టుతోటి పిండి బలమంటారు. ఆ పొట్టే ఒంటికి రక్తం పట్టనీయదని మా ఆడపడుచు అంటుంది. ఏది నమ్మమంటారండీ?" అని అడిగినది. ఆమె విన్న రెండు మాటలును నిజమే.

గోధుమ గింజ మనకొఱకు పుట్టినది కాదు, మొలకెత్తుటకు పుట్టినది. మొలకకు కావలసిన భాస్వరమును గింజ తన పై పొరలలో ఫైటిక్ ఆమ్లము అను రూపమున దాచుకొనును. ఈ ఆమ్లమునకు ఇనుము, జింకు, సున్నము వంటి ఖనిజములను గట్టిగా పట్టుకొను స్వభావము గలదు. పొట్టులో ఇనుము ఉన్నను, ఆమ్లము దానిని విడువనందున చాలవఱకు ప్రేగులలో ఇంకక బయటికి పోవును.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటనులో ఈ విషయము తేటపడినది. 1942లో అచట తెల్ల రొట్టెకు బదులు పొట్టు కలిసిన రొట్టెను ప్రవేశపెట్టిరి. అట్టి రొట్టె తినినవారి శరీరమునకు సున్నము తక్కువగా పట్టుచున్నదని మెకాన్స్, విడోసన్ అను శాస్త్రజ్ఞులు కనుగొనగా, పిండిలో సుద్ద కలుపసాగిరి.

అంతకన్న హృదయవిదారకమైనది ఇరాను దేశపు వృత్తాంతము. బీహారులో జన్మించిన డాక్టరు ఆనంద ప్రసాద్ 1958లో షిరాజ్ నగరమున పని చేయుచుండగా, 21 ఏండ్ల యువకుడొకడు ఆయన యొద్దకు వచ్చెను. చూచుటకు పదేండ్ల బాలునివలె నుండెను. అతని ఆహారమంతయు పులియబెట్టని గోధుమ రొట్టె. మాంసము, పాలు లేవు. పైగా మట్టి తిను అలవాటు. ఇట్టివారు ఆ ప్రాంతపు పల్లెలలో మఱికొందఱు కనబడిరి. పొట్టులోని ఆమ్లము జింకును శరీరమునకు అందనీయకపోవుటయే వారి ఎదుగుదల నిలిచిపోవుటకు ముఖ్య కారణమని ప్రసాద్ ఊహించెను. ఆ పిమ్మట ఈజిప్టులో ఇట్టి యువకులకే జింకు ఇచ్చి చూడగా, వారు ఒక్క ఏడాదిలో 5, 6 అంగుళముల ఎత్తు పెరిగిరి!

ఇది చదివి పొట్టును పారవేసి మైదాకు దిగవలదు. పొట్టుతో పాటు పీచు, బి విటమినులు, ఖనిజములు కూడ పోవును. విరుగుడు గింజలోనే గలదు. ఫైటేజ్ అను కిణ్వము తడి, వెచ్చదనము, కొంచెము పులుపు తగిలినపుడు మేల్కొని ఆ ఆమ్లమును విఱుగగొట్టును. కావున రొట్టెల పిండిని కొద్దిపాటి పుల్లమజ్జిగతో కలిపి, కొన్ని గంటలు మూతపెట్టి ఉంచి కాల్చుట మేలు. ఇడ్లీ పిండిని రాత్రియంతయు పులియబెట్టు మన గృహిణులకు ఇది క్రొత్త విద్య కాదు.

పసిపిల్లలకైనచో మొలక పద్ధతి శ్రేష్ఠము. గోధుమలను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలక వచ్చిన తరువాత బాగుగ ఎండబెట్టి, దోరగా వేయించి విసరవలెను. ఆ పిండితో కాచిన జావ పలుచగా నుండును. మొలకలో పుట్టిన మఱొక కిణ్వము గంజిని కరగించుటయే దీనికి కారణము. అందువలన బిడ్డ కడుపులోనికి అదే గిన్నెడు జావతో ఎక్కువ పిండి పోవును.

గోధుమలోని గ్లూటెన్ అను మాంసకృత్తును గుఱించియు నేడు భయము వ్యాపించినది. సీలియాక్ అను వ్యాధి గలవారికి అది నిజముగా హానికరమే. వారు గోధుమను పూర్తిగా మానవలసినదే. ఆ వ్యాధి ఉత్తర భారతమున కంటె దక్షిణమున చాల అరుదు. తక్కినవారు ఇరుగుపొరుగు మాట విని మానివేయుట అనవసరము. అనుమానమున్నవారు గోధుమ మానకముందే రక్తపరీక్ష చేయించుకొనవలెను. మానిన పిదప పరీక్షలో వ్యాధి సరిగా తెలియదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదు. వారికి పొట్టు మాట చిన్నది కాదు. రొట్టెతో నిమ్మరసము పిండిన కూర తినినచో అందలి సి విటమిను ఇనుమును ఇంకించుటకు తోడ్పడును. భోజనము వెంటనే టీ త్రాగినచో ఇనుము పట్టుట తగ్గును. ఆరోగ్య కేంద్రమున ఇచ్చు ఇనుప మాత్రలను రొట్టెతోను, టీతోను గాక, భోజనమైన రెండు గంటల పిమ్మట మంచినీటితో మ్రింగవలెను.