క్రీడాప్రతిభ – కళాశాల ప్రవేశం

చదువుతో పాటు ఆటలు కూడా ఉండవలెనని చెప్పని పెద్దలు లేరు. అయితే ఆటలో నేర్పు కలవారికి కళాశాలలో స్థానం ఇవ్వవలెనా, ఇచ్చినచో ఎంతవరకు ఇవ్వవలెను అనే ప్రశ్నకు మాత్రం అందరూ ఒకే సమాధానం చెప్పరు. ఈ ప్రశ్నను అమెరికాలోని ప్రసిద్ధ విద్యాసంస్థల అనుభవం ఆధారంగా ఇక్కడ పరిశీలింపదలచినాము. మన విద్యార్థులలో పలువురు ఆ సంస్థల వైపు ఆశతో చూస్తున్నారు గనుక ఈ విషయం మనకు బొత్తిగా దూరమైనది కాదు.

హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ మొదలైన ఎనిమిది విశ్వవిద్యాలయాల కూటమికి ఐవీ లీగ్ అని పేరు. 1954లో కుదిరిన ఒడంబడిక ననుసరించి ఇవి క్రీడల నిమిత్తం విద్యార్థివేతనాలు ఇవ్వవు. కుటుంబ ఆర్థిక స్థితిని బట్టియే సహాయం చేస్తాయి. అయినను ధనసహాయంలో లేని ప్రాధాన్యం ప్రవేశంలో కనబడుతున్నది. కోచ్‌లు ఉన్నత పాఠశాలలలోని ఆటగాళ్లను ముందుగానే గమనించి, తమ జట్టుకు కావలసినవారి పేర్లను ప్రవేశాల కార్యాలయానికి అందజేస్తారు. కార్యాలయం వారి మార్కులను పరిశీలించి, తగినవారని తోచినచో, ప్రవేశం లభింపగలదని తెలిపే లేఖను అక్టోబరు నెల నుండియే పంపగలదు. తక్కిన దరఖాస్తుదారులలో అధికసంఖ్యాకులు మార్చి చివరి వరకు ఎదురుచూడవలసి ఉంటుంది.

ఈ ప్రాధాన్యం ఎంత బలమైనదో 2018లో హార్వర్డ్‌పై జరిగిన వ్యాజ్యం వలన లోకానికి వెల్లడియైనది. కోచ్‌లు ఎంపిక చేసుకొన్న ఆటగాళ్లు దరఖాస్తుదారులలో నూటికి ఒకరు కూడా లేరు. కాని వారిలో సుమారు 86 శాతం మందికి ప్రవేశం దొరికినది. చదువులో ఆ సంస్థ ఇచ్చే శ్రేణులలో నాలుగవ శ్రేణి పొందినవారిని మాత్రమే పోల్చి చూచినచో తేడా మరింత స్పష్టమవుతుంది. అట్టి ఆటగాళ్లలో దాదాపు 70 శాతం మందికి స్థానం లభింపగా, అదే శ్రేణికి చెందిన ఇతరులలో వేయికి ఒకరికైనను లభింపలేదు. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు జాతిని బట్టి ప్రాధాన్యమిచ్చే పద్ధతిని త్రోసిపుచ్చినది. క్రీడాప్రాధాన్యం ఆ వ్యాజ్యంలో విచారణాంశం కానందున యథాతథంగా నిలిచినది.

ఆటస్థలంలో ధనిక, పేద భేదం లేదు గనుక ఇది పేదవానికి ఉపకరించే మార్గమే కదా అని కొందరు అనవచ్చును. బాస్కెట్‌బాల్, పరుగుపందెముల విషయంలో ఈ మాట కొంతవరకు నిజమే. కాని ఆ విశ్వవిద్యాలయాల జట్లలో తెడ్ల పడవ పందెం, స్క్వాష్, ఫెన్సింగ్, తెరచాప పడవ పందెం వంటి ఆటలు కూడా ఉన్నవి. వీటికి ఖరీదైన పరికరాలు, ప్రత్యేక శిక్షణ, దూరప్రయాణాలు అవసరం. సామాన్య కుటుంబంలోని బాలుడు ఈ ఆటలను చూచి ఉండడు. ఇక ఆడుట ఎట్లు? ఆ విధంగా అందరికీ తెరచినట్లు కనిపించే ద్వారం కలిగినవారికే ఎక్కువగా తెరచుకొంటున్నది.

నియమం గోప్యంగా ఉన్నచోట అక్రమం ప్రవేశిస్తుంది. 2019 మార్చిలో బయటపడిన కుంభకోణం ఇందుకు తార్కాణం. రిక్ సింగర్ అనే ప్రవేశ సలహాదారుడు సంపన్నుల వద్ద ధనం తీసుకొని, కొందరు కోచ్‌లకు లంచమిచ్చి, ఎన్నడూ ఆడని పిల్లలను ఆటగాళ్లుగా చూపించినాడు. 2023 జనవరిలో అతనికి మూడున్నర సంవత్సరాల కారాగారశిక్ష పడినది. అతని చేతికి చిక్కిన ప్రతి స్థానమూ ఎవరో ఒక అర్హుడైన విద్యార్థి కోల్పోయిన స్థానమే.

అట్లని క్రీడాకారుని శ్రమను తక్కువచేసి చెప్పుట మా ఉద్దేశం కాదు. వేకువనే లేచి సాధన చేసి, ఓటమిని సహించి, చదువును కూడా నిలబెట్టుకొన్న విద్యార్థిలోని క్రమశిక్షణ గౌరవింపదగినది. క్రీడాకారులకు ప్రత్యేక ప్రాధాన్యమివ్వని కాలిఫోర్నియాలోని కాల్టెక్ సంస్థ బాస్కెట్‌బాల్ జట్టు తన లీగ్‌లో వరుసగా 310 ఆటలు ఓడిపోయి, 2011 ఫిబ్రవరిలో ఒక్క పాయింటు తేడాతో గెలిచినది. ఓటమి వలన ఆ సంస్థ కీర్తి తరగలేదు. ఆటగాళ్లు ఆట మానలేదు.

మన దేశంలో మద్రాసు ఐఐటి 2024-25 విద్యాసంవత్సరం నుండి ప్రతి డిగ్రీ కోర్సులో క్రీడాకారులకు రెండు అదనపు స్థానాలు కేటాయించినది. అందులో ఒకటి విద్యార్థినులకు. అభ్యర్థి జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ఉత్తీర్ణుడై ఉండవలెను. జాతీయ లేదా అంతర్జాతీయ స్థాయి పోటీలలో పతకం పొంది ఉండవలెను. ఇక్కడ నియమం ముందుగానే ప్రకటింపబడినది; ఇతరుల స్థానం తగ్గలేదు.

కావున క్రీడాకారునికి స్థానమివ్వదలచిన ఏ కళాశాల అయినను మూడు ప్రశ్నలు వేసుకొనవలెనని మా అభిప్రాయం. నియమం అందరికీ తెలిసినదా? ఆ ఆట పేదవానికి కూడా అందుబాటులో ఉన్నదా? ప్రవేశం పొందినవాడు తరగతిలో నిలువగలడా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగిననాడు ఆ స్థానం న్యాయమైనది. విద్యార్థి సోదరసోదరీమణులు ఆటను ప్రవేశానికి మెట్టుగా మాత్రమే చూడక ఆరోగ్యానికీ, శీలానికీ సాధనంగా స్వీకరింతురుగాక.