కనిపించని దారం - గాలిలో తేలే బంతి

జాతరలోనో, పాఠశాల వార్షికోత్సవంలోనో మీలో చాలామంది ఇంద్రజాల ప్రదర్శన చూసే ఉంటారు. ఇంద్రజాలికుడు ఒక కాగితాన్ని నలిపి ఉండ చేస్తాడు. దాని మీద రెండు చేతులూ ఆడిస్తాడు. ఉండ మెల్లగా పైకి లేస్తుంది. పైన తాడు లేదు, కింద ఆధారం లేదు. చూసేవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తారు.

న్యూటన్ నియమాలు చదువుకున్న మీకు వెంటనే ఒక ప్రశ్న రావాలి. ఉండ బరువు కిందికి లాగుతోంది. అయినా అది పడటం లేదంటే, అంతే బలం దాన్ని పైకి లాగుతూ ఉండాలి. ఆ బలం ఎక్కడి నుంచి వస్తోంది? చాలా సందర్భాల్లో జవాబు ఒక్కటే: మన కంటికి ఆనని సన్నని దారం.

ఆ దారం ఎందుకు కనిపించదు? అంత సన్నని దారం బరువు ఎలా మోస్తుంది? ఈ రెండు సంగతులూ తెలుసుకుందాం. తర్వాత మనమే ఒక ఉండను తేలించి చూద్దాం.

దారం ఎంత సన్నం?

మన తలవెంట్రుక మందం సుమారు 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు వరకు ఉంటుంది. పట్టుపురుగు వదిలే పోగు ఇంకా సన్నం, సుమారు 0.02 మిల్లీమీటరు. హిందూపురం మార్కెట్టుకు వచ్చే పట్టుగూళ్లలో ఒక్కొక్కదాని నుంచి కొన్ని వందల మీటర్ల పోగు వస్తుంది. అలాంటి పోగులు కొన్ని కలిపితేనే నేతకు పనికివచ్చే పట్టుదారం అవుతుంది. పూర్వపు ఇంద్రజాలికులు వెంట్రుకలు, పట్టుపోగులు వాడేవారు. నైలాను వచ్చాక దాని పోగులను విడదీసి వాడటం మొదలుపెట్టారు.

కన్ను ఎందుకు మోసపోతుంది?

ఒక డిగ్రీలో 60వ వంతును ఒక నిమిషం అంటారు. రెండు చుక్కలు మన కంటి దగ్గర సుమారు ఒక నిమిషం కోణం చేస్తేనే వాటిని రెండుగా గుర్తించగలం. 3 మీటర్ల దూరంలో ఒక నిమిషం కోణం అంటే దాదాపు 0.9 మిల్లీమీటరు. అంతకంటే చిన్న వివరాలన్నీ రెటీనా మీద కలిసిపోయి అలుక్కుపోయినట్టు పడతాయి.

"అయితే 0.07 మిల్లీమీటరు వెంట్రుక 3 మీటర్ల దూరం నుంచి అసలు కనిపించకూడదు కదా?" అని మీరు అడగవచ్చు. కాని తెల్లగోడ మీద అంటించిన నల్లని వెంట్రుక అంత దూరం నుంచి కూడా కనిపిస్తుంది! ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. రెండు వస్తువులను విడివిడిగా చూడటం వేరు, ఒక వస్తువు ఉందని పసిగట్టడం వేరు.

ఒక చుక్క సిరాను గ్లాసు నీళ్లలో వేస్తే రంగు తెలుస్తుంది. అదే చుక్కను గంగాళం నీళ్లలో వేస్తే తెలియదు. కన్ను కూడా వెంట్రుక నలుపును అలాగే పలుచన చేస్తుంది. 0.07 మిల్లీమీటరు వెడల్పు ఉన్న నలుపు, 0.9 మిల్లీమీటరు వెడల్పున పరుచుకుంటుంది. అంటే ఆ పట్టీలో వెలుగు సుమారు 8 శాతం మాత్రమే తగ్గుతుంది. ఏ మచ్చా లేని తెల్లగోడ మీద ఈ చిన్న తేడాను కూడా కన్ను పట్టుకుంటుంది. పువ్వుల చీరో, గళ్ల దుప్పటో వెనక ఉంటే పట్టుకోలేదు. అక్కడ ఇంతకంటే పెద్ద తేడాలు వందలకొద్దీ ఉంటాయి కదా! పట్టుపోగు అయితే ఈ తగ్గుదల 2 శాతమే.

ఇంకొక సంగతి. నక్షత్రాలు ఒక నిమిషం కంటే ఎంతో చిన్న కోణం చేస్తాయి. అయినా చీకటి ఆకాశంలో మెరుస్తాయి కనుక కనిపిస్తాయి. దారం కూడా అంతే. పక్కనుంచి బలమైన వెలుతురు పడితే ఎంత సన్నని దారమైనా తళుక్కుమంటుంది. అందుకే ఇంద్రజాలికుడు దారాన్ని ఎంచుకోవటంలో ఎంత శ్రద్ధ చూపుతాడో, వెనక తెరను, దీపాల చోటును ఎంచుకోవటంలో కూడా అంత శ్రద్ధ చూపుతాడు.

మీరే పరీక్షించండి

పొడవైన నల్ల వెంట్రుకను ఒకసారి కిటికీకి అడ్డంగా, ఒకసారి నల్లబల్ల మీద, ఒకసారి పువ్వుల చీర మీద అంటించండి. ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ, ఎంత దూరంలో మాయమవుతుందో కొలిచి రాసుకోండి. తర్వాత తెల్లవెంట్రుకతో ఇదే ప్రయోగం చేయండి. తెల్లవెంట్రుక ఎక్కడ దొరుకుతుందని బెంగపడకండి. నా వయసు సైన్సు మాస్టారు మీ బడిలోనూ ఉండే ఉంటారు. అడిగితే కాదనరు!

ఉండను తేలిద్దాం

కావలసినవి: అమ్మ దువ్వెనకో, అక్క దువ్వెనకో వచ్చిన పొడవాటి వెంట్రుక ఒకటి, కాస్త మైనం, నోటుపుస్తకంలోని కాగితం ఒకటి. ఈ కాగితం బరువు సుమారు 2 గ్రాములు.

1. వెంట్రుక మధ్య భాగాన్ని కాగితం నడుమ మైనంతో అంటించండి. తర్వాత కాగితాన్ని ఉండలా నలపండి.

2. వెంట్రుక రెండు కొసలకూ చిన్న చిన్న మైనం ఉండలు అంటించండి. రెండు మైనం ఉండల మధ్య 50 సెంటీమీటర్ల వెంట్రుక ఉండాలి.

3. మైనం ఉండలను మీ రెండు బొటనవేళ్ల గోళ్లకు అంటించుకోండి.

4. గళ్ల చొక్కా వేసుకుని, కిటికీ మీ వెనక లేకుండా చూసుకుని నిలబడండి. చూసేవాళ్లు 3 మీటర్ల దూరంలో ఉండాలి.

5. చేతులను దగ్గరగా ఉంచి మొదలుపెట్టి, మెల్లగా దూరం జరపండి. ఉండ పైకి లేస్తుంది. చేతులు దగ్గరకు తెస్తే దిగుతుంది.

మొదట వెంట్రుక రెండుమూడు సార్లు తెగుతుంది, మైనం ఊడుతుంది. నిరుత్సాహపడకండి. వారం రోజులు సాధన చేస్తే చేయి కుదురుతుంది.

ఎందుకిలా జరిగింది?

చేతులు అడ్డంగా కదిలాయి, ఉండ మాత్రం నిలువుగా కదిలింది. చూసేవాళ్లు భ్రమపడేది ఇక్కడే. చేతులు పైకి లేవలేదు కనుక, చేతులకూ ఉండకూ సంబంధం లేదనుకుంటారు.

మీకు తెలిసిన పైథాగరస్ సిద్ధాంతంతో లెక్క వేద్దాం. వెంట్రుకలో సగం, అంటే 25 సెంటీమీటర్లు, లంబకోణ త్రిభుజంలో కర్ణం. చేతుల మధ్య దూరం 40 సెంటీమీటర్లయితే అందులో సగం 20. మూడో భుజం 15. అంటే ఉండ చేతుల కంటే 15 సెంటీమీటర్లు కిందికి వేలాడుతుంది. చేతుల దూరం 48 చేస్తే సగం 24, మూడో భుజం 7. చేతులను 8 సెంటీమీటర్లు దూరం జరిపితే ఉండ 8 సెంటీమీటర్లు లేచింది. ఇంకొక్క సెంటీమీటరు జరిపి 49 చేయండి. ఉండ ఇంకో 2 సెంటీమీటర్లు లేస్తుంది. చివరికి వచ్చేకొద్దీ చేతుల కదలిక తక్కువ, ఉండ కదలిక ఎక్కువ!

ఇప్పుడు బలాల సంగతి. లాగి పట్టిన దారంలో ఉండే బలాన్ని తన్యత అంటారు. ఉండకు రెండు వైపులా ఉన్న వెంట్రుకలు దాన్ని ఏటవాలుగా పైకి లాగుతాయి. ఆ రెండు తన్యతల నిలువు అంశాలు కలిసి ఉండ బరువుకు సమానం కావాలి. వెంట్రుక అడ్డానికి వచ్చేకొద్దీ నిలువు అంశం తగ్గిపోతుంది. కాబట్టి అదే బరువు మోయటానికి తన్యత పెరగక తప్పదు.

2 గ్రాముల ఉండకు లెక్క వేస్తే ఇలా వస్తుంది. ఉండ 15 సెంటీమీటర్లు కిందికి ఉన్నప్పుడు తన్యత సుమారు 1.7 గ్రాముల బరువు. 7 సెంటీమీటర్లప్పుడు 3.6 గ్రాములు. 5 సెంటీమీటర్లప్పుడు 5 గ్రాములు. ఒక్క సెంటీమీటరు మాత్రమే ఉంటే 25 గ్రాములు. పావు సెంటీమీటరుకు వచ్చేసరికి 100 గ్రాములు! ఆరోగ్యంగా ఉన్న వెంట్రుక ఒకటి సుమారు 50 నుంచి 100 గ్రాముల బరువు దగ్గర తెగుతుంది. ఉండ బరువు 2 గ్రాములే అయినా, బిగించి లాగితే వెంట్రుక ఎందుకు తెగుతుందో ఇప్పుడు అర్థమైంది కదా! వెంట్రుక పూర్తిగా అడ్డంగా ఉంటే నిలువు అంశం సున్నా. అప్పుడు ఎంత తన్యత ఉన్నా ఉండను మోయలేదు. మీ పెరట్లో బట్టల దండెం ఎంత బిగించినా తడిబట్ట వేయగానే కాస్త కుంగటానికి కారణం ఇదే.

మనిషిని ఎలా తేలిస్తారు?

మనిషిని తేలించటానికి ఒక దారి దాచిన ఇనుప కడ్డీ. 1830 ప్రాంతంలో మదరాసులో శేషాల్ అనే ఆయన, ఒక చేయి మాత్రం కర్రకు ఆనించి గాలిలో కూర్చుని చూపేవాడు. కర్రలోంచి చొక్కా చేతి గుండా వెళ్లి, పీటలా వంగిన ఇనుప కడ్డీ ఆయన్ను మోసేది.

రెండో దారి సన్నని తీగలు. 1901లో లండనులోని ఈజిప్షియన్ హాలులో మాస్కెలిన్ అనే ఇంద్రజాలికుడు మనిషిని తేలించటానికి లావు తీగ ఒకటి కాక సన్నని తీగలు అనేకం వాడాడు. కారణం మీరే లెక్కించవచ్చు. తీగ బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి, అంటే వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. 1 మిల్లీమీటరు తీగ ఒకటి మోసే బరువును పావు మిల్లీమీటరు తీగలు 16 కలిసి మోస్తాయి. ఒక్కొక్క తీగ కంటికి నాలుగు రెట్లు సన్నం, బరువు మాత్రం అందరూ పంచుకుంటారు. 1992లో డేవిడ్ కాపర్‌ఫీల్డ్ వేదిక మీద పక్షిలా ఎగిరి చూపాడు. అటువంటి పరికరానికి జాన్ గాన్ అనే నిర్మాత 1994లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. మనిషికి రెండు వైపులా విసనకర్ర పుల్లల్లా పరుచుకున్న సన్నని తీగలే అందులో కీలకం.

వలయం పరీక్ష

"దారం ఉంటే తెలిసిపోతుంది, చూడండి!" అంటూ ఇంద్రజాలికుడు ఒక వలయాన్ని తేలే వస్తువు మీదుగా ఈ పక్కనుంచి ఆ పక్కకు జరుపుతాడు. మనం నమ్మేస్తాం. కాని ఆ వలయాన్ని ముందే దారానికి తొడిగి ఉంచితే? వస్తువును దాటినా దారం వలయం లోపలే ఉంటుంది. అడ్డు తగలనే తగలదు. చూసేవాళ్లు తమ వలయం తెచ్చి, తమ చేత్తో, తాము కోరిన దిక్కున తిప్పినప్పుడే అది పరీక్ష అవుతుంది. ప్రదర్శించేవాడే పరీక్ష కూడా చేస్తే, అది పరీక్ష కాదు, ప్రదర్శనలో మరో భాగం.

ఇది మన బతుకులకు ఎందుకు?

ఈ పాఠం చెప్పినప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "మాస్టారూ, ఎంత వెతికినా దారం కనిపించలేదనుకోండి. అప్పుడు అది మహిమే కదండీ?"

మంచి ప్రశ్న. దారం కనిపించలేదు అన్నది మన కంటి గురించిన సంగతి. దారం లేదు అన్నది గదిలో ఉన్న వస్తువుల గురించిన సంగతి. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కాదు. కనిపించకపోతే "ఇంకా తెలియలేదు" అనాలి. "తెలియలేదు కనుక మహిమ" అనకూడదు.

వేదిక మీది ఇంద్రజాలికుడు "ఇది నా చేతి నేర్పు" అని ఒప్పుకుంటాడు. టిక్కెట్టు డబ్బులకు వినోదం ఇస్తాడు. అతను కళాకారుడు, గౌరవించండి. అతని రహస్యాన్ని ప్రదర్శన మధ్యలో అరిచి చెప్పకండి. కాని అదే దారంతో విభూతి ఉండను తేలించి, "నాకు శక్తులున్నాయి, నేనిచ్చే తాయెత్తు కడితే జ్వరం పోతుంది" అనేవాడి సంగతి వేరు. మలేరియాతో వణికే పిల్లవాణ్ణి, పాము కరిచిన మనిషిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. తాయెత్తు కోసం పోగొట్టుకునే గంటలే ప్రాణం తీస్తాయి. ఒక వెంట్రుక 2 గ్రాముల ఉండను లేపగలదు కాని, ఒంట్లోని విషాన్ని దించలేదు.

1976లో 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగంలో ప్రాథమిక విధులు చేర్చారు. శాస్త్రీయ దృక్పథాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవటం వాటిలో ఒకటి. పెద్దలను ఎదిరించి కాదు, ఉండను తేలించి చూపి, వెంట్రుకను వారి చేతికిచ్చి ఈ విధిని నెరవేర్చండి.

జాగ్రత్తలు: నైలాను దారాన్ని నడిచే దారికి, సైకిళ్లు పోయే దారికి అడ్డంగా ఎప్పుడూ కట్టకండి. మెడకు తగిలితే ప్రమాదం. పని అయ్యాక దారాన్ని ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వేయండి. పారేస్తే పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది. మనుషులను తేలించే ప్రయత్నం చేయనే చేయకండి.

ఆలోచించండి

1. 6 మీటర్ల దూరం నుంచి చూస్తే 0.07 మిల్లీమీటరు వెంట్రుక వల్ల వెలుగు సుమారు ఎంత శాతం తగ్గినట్టు కనిపిస్తుంది?

2. వెంట్రుక పొడవు 26 సెంటీమీటర్లు, చేతుల మధ్య దూరం 24 సెంటీమీటర్లు. ఉండ ఎంత కిందికి వేలాడుతుంది?

3. మీ ఊళ్లో ఎవరైనా ఒక వస్తువును తేలించి చూపితే, అందులో దారం లేదని నిర్ధారించటానికి మీరు ఏయే పరీక్షలు కోరతారు? వాటిని ఎవరు చేయాలి? ఎందుకు?