కుందేళ్లలో గజ్జి: మందు మంచిదే, కొలతే ముఖ్యం

కుందేళ్లు పెంచే రైతును ఎక్కువగా చికాకు పెట్టే జబ్బు గజ్జి. ఇది సోకగానే కుందేలు చచ్చిపోదు. మేత తగ్గిస్తుంది, బక్కచిక్కుతుంది, తల్లి కుందేలు పిల్లల్ని సరిగా పట్టించుకోదు. పది తల్లులున్న చిన్న షెడ్డులో ఒకదానికి వస్తే చూస్తుండగానే మిగతా వాటికీ అంటుకుంటుంది. అలాగని కంగారుపడి చేతికందిన మందు వేస్తే మొదటికే మోసం. గజ్జితో నెలల తరబడి బాధపడే కుందేలు, కొలత తప్పిన మందుతో ఒక్క పూటలో పోవచ్చు.

మిరపలో నల్లిని చూసిన రైతుకు దీని సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. గజ్జి పురుగు కూడా నల్లి జాతిదే. కుందేళ్లలో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. సోరాప్టిస్ అనే పురుగు చెవి లోపల చేరుతుంది. కుందేలు తల విదిలిస్తూ, వెనక కాలితో చెవి గోక్కుంటూ ఉంటుంది. చెవి తిప్పి చూస్తే గోధుమ రంగు పొక్కు పొరలు పొరలుగా కట్టి ఉంటుంది. ముదిరితే లోచెవికి పాకి మెడ ఒక పక్కకు వాలిపోతుంది. రెండోది సార్కాప్టిస్. ఇది చర్మంలో సొరంగాలు చేసుకుని గుడ్లు పెడుతుంది. ముక్కు, పెదవులు, చెవుల అంచులు, గోళ్ల చుట్టూ తెల్లటి పొక్కులతో మొదలై ఒంటి మీదికి పాకుతుంది, బొచ్చు ఊడిపోతుంది. రోజూ మేత వేసేటప్పుడు ముక్కు, గోళ్లు ఒకసారి చూస్తే చాలు, మొదట్లోనే దొరికిపోతుంది.

చెవిలో కట్టిన పొక్కును పుల్లతోనో గోటితోనో పీకేయటం కొందరికి అలవాటు. అది పచ్చి పుండు, రక్తం కారుతుంది, కుందేలు నొప్పితో విలవిల్లాడుతుంది. పీకాల్సిన పనే లేదు. రెండు మూడు చుక్కల కొబ్బరి నూనె వేసి మెత్తబరిస్తే చాలు. లోపలి పురుగు చస్తే పొక్కులు వాటంతటవే రాలిపోతాయి.

వాడాల్సిన మందు ఐవర్‌మెక్టిన్. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి పుట్టిన మందు ఇది. దీన్ని కనుగొన్నందుకు కాంప్‌బెల్, ఒమురా అనే శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. పశువుల మందుల షాపుల్లో దొరికే సూది మందు సాధారణంగా 1 శాతం బలంతో ఉంటుంది. అంటే 1 మి.లీ.లో 10 మిల్లీగ్రాముల మందు. పశువులకు 50 కిలోల బరువుకు 1 మి.లీ. చొప్పున వేస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. గేదెకు, గొర్రెకు వేసిన చేత్తోనే 2 కిలోల కుందేలుకు 1 మి.లీ. ఎక్కిస్తే మామూలు మోతాదుకు 25 రెట్లు అవుతుంది. మరి అది బతకమంటే ఎలా బతుకుతుంది?

కుందేలుకు కిలో బరువుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు చాలు. 200 లెక్కన 2 కిలోల కుందేలుకు పడేది 0.04 మి.లీ. మాత్రమే. 400 లెక్కన 0.08 మి.లీ. జబ్బు తీవ్రతను బట్టి ఏది వేయాలో పశువైద్యుడు చెబుతారు. ఇంత తక్కువ మందును మామూలు 5 మి.లీ. సిరంజితో కొలవటం ఎవరి తరమూ కాదు. షుగర్ రోగులు వాడే ఇన్సులిన్ సిరంజి తీసుకోవాలి. అందులోనూ రెండు రకాలు ఉన్నాయి. యు-100 అని రాసి ఉన్న సిరంజిలో ఒక్కో యూనిట్ 0.01 మి.లీ., అంటే 0.04 మి.లీ.కి 4 యూనిట్లు. యు-40 సిరంజిలో ఒక్కో యూనిట్ 0.025 మి.లీ. పొరపాటున దానితో 4 యూనిట్లు తీస్తే మందు రెండున్నర రెట్లు పడుతుంది. కాబట్టి సిరంజి మీది అంకె చూడకుండా మందు తీయరాదు. మందు చిక్కగా ఉంటుంది, సన్నటి సూదిలోకి నిదానంగా ఎక్కుతుంది, తొందరపడవద్దు. మెడ వెనక వదులుగా ఉండే చర్మాన్ని పైకి లేపి చర్మం కింద వేయాలి. కండలోకి పోరాదు. మొదటిసారి పశువైద్యశాలలో వేయించి చూసి నేర్చుకోవటం మంచిది.

బరువును కంటితో అంచనా వేయటం కూడా పనికిరాదు. కుందేలును బుట్టలో పెట్టి తూచి, బుట్ట బరువు తీసేయాలి. చూడి కుందేళ్లకు, పాలు తాగే పిల్లలకు డాక్టరు చెప్పకుండా వేయవద్దు. మోతాదు మించితే కుందేలు మత్తుగా పడి ఉంటుంది, నడిస్తే తూలుతుంది, చొంగ కారుస్తుంది, వణుకుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

ఈ మందు గుడ్లను చంపలేదు. అందుకే 14 రోజులకు రెండోసారి తప్పకుండా వేయాలి. పొక్కులు రాలి కుందేలు కళగా కనిపించేసరికి చాలామంది ఇక్కడే ఆపేస్తారు. గుడ్ల నుంచి వచ్చిన పురుగులతో మళ్లీ కథ మొదటికి వస్తుంది, మందు పనిచేయలేదని నింద మాత్రం మిగులుతుంది. ఒకదానికే గజ్జి కనిపించినా కలిసి ఉన్నవన్నీ చూపించాలి. మగ కుందేలును మరవకండి, దాటించేటప్పుడు జబ్బును గూడు గూడుకూ మోసేది అదే.

కుందేలుకు మందు వేసి గూడు వదిలేస్తే సగం పనే అయినట్టు. చెవి పురుగు కుందేలు ఒంటి మీద లేకపోయినా చల్లటి, తేమ చోట్ల రెండు మూడు వారాలు బతకగలదు. కుందేళ్లను దూరంగా తీసి, ఇనుప వలను బ్లో ల్యాంపు మంటతో కాల్చాలి. ఈనే పెట్టెల మీద మరిగే నీళ్లు పోసి, ఎర్రటి ఎండలో రెండు రోజులు ఆరబెట్టాలి. కొత్తగా కొన్న కుందేళ్లను మూడు వారాలు విడిగా ఉంచాకే మందలో కలపాలి.

ఇక పొలం మందుల జోలికి అసలు పోవద్దు. నల్లికి కొట్టే అబామెక్టిన్, ఈ ఐవర్‌మెక్టిన్ ఒకే కుటుంబానివి, పేర్లూ దగ్గరగా ఉంటాయి. అయినా పైరు మీద కొట్టే మందును జీవానికి వేయరాదు. ఫిప్రోనిల్ మరీ ప్రమాదం. కుక్కలకు గోమార్ల కోసం వేసే చుక్కల మందుల్లో ఇది ఉంటుంది. కుక్కకు పనిచేసింది కదా అని కుందేలుకు వేస్తే ఫిట్స్ వచ్చి చచ్చిపోతుంది.

కుందేళ్లతో పాటు గినీ పిగ్ అనే సీమ ఎలుకల్ని, తెల్ల ఎలుకల్ని పెంచి పట్నంలో పిల్లలకు అమ్మేవారూ ఉన్నారు. సీమ ఎలుకకు గజ్జి వస్తే దురదకు గిలగిల కొట్టుకుని ఫిట్స్ కూడా తెచ్చుకుంటుంది. మందు అదే, మోతాదు లెక్కా అదే. కానీ 30 గ్రాముల తెల్ల ఎలుకకు కావలసింది చుక్కలో సుమారు ఎనభయ్యో వంతు! ఏ సిరంజితోనూ కొలవలేం. డాక్టరు ప్రొపిలీన్ గ్లైకాల్‌లో పలుచన చేసి ఇస్తేనే వేయాలి. ఇంట్లో నీళ్లు కలిపితే మందు విడిపోయి, ఒక చుక్కలో ఏమీ లేక, ఇంకో చుక్కలో ప్రాణం తీసేంత ఉంటుంది.

ఒంటి గజ్జి ఉన్న కుందేళ్లను పట్టుకుంటే మన చేతులకూ దురద పొక్కులు వస్తాయి. చేతి తొడుగులు వేసుకుని, పని కాగానే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి. సూది వేసిన కుందేలును వెంటనే మాంసానికి అమ్మరాదు. కనీసం నెలన్నర ఆగండి. సూది వేసిన తేదీ గూటి మీద సుద్దతో రాస్తే చెరిగిపోతుంది, నోటు పుస్తకంలో రాసుకోండి.