తీసుకోవడానికి వచ్చేవాళ్ల కోసం

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. దీవుల్లో చదువుకునే పిల్లలు రాసిన ప్రోగ్రాములన్నీ ఒకచోట దొరికేలా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఒక ఓపెన్ సోర్స్ సైటు పెట్టాలనుకుంటున్నారని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. ఊరి పేరు శ్రీ విజయపురం అయిందని తెలుసు, నాకు ఇంకా పాత పేరే నోట్లో ఆడుతోంది. దాన్ని నడపడానికి ఫోర్జెయో పెట్టాలా, గిట్‌ల్యాబ్ పెట్టాలా అని అడిగావు. మీ చిన్న సర్వరుకు ఫోర్జెయో చాలు. ఒక్క ఫైలుగా వస్తుంది, రాస్‌ప్‌బెర్రీ పై మీద కూడా నడుస్తుంది. గిట్‌ల్యాబ్‌కు చాలా జీబీల మెమరీ కావాలి. ఆ సంగతి అంతటితో వదిలెయ్. నీ ఉత్తరంలో లేని ప్రశ్న ఒకటుంది, నేను రాయాలనుకున్నది దాని గురించే. ఆ సైటు తలుపు తట్టేది ఎవరు?

మీరు గీసి పంపిన మొదటి పేజీ చూశాను. ఎవరు ఎన్ని కమిట్లు చేశారు, ఏ రిపోకు ఎన్ని స్టార్లు వచ్చాయి, ఏ శాఖలో ఏం మారింది, అన్నీ ఉన్నాయి. రాసినవాళ్లకు అవి ముచ్చటగా ఉంటాయి. కానీ జంగ్లీఘాట్‌లో చేపల పడవ నడిపే ఇంటి పిల్లవాడు, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సమాచారాన్ని తెలుగులో చదివి వినిపించే ప్రోగ్రాము మీలో ఎవరో రాశారని విని, ఫోన్‌లో మీ సైటు తెరిచాడనుకో. అతనికి కావలసినవి నాలుగే. ఇదేమిటి, ఇంకా పనిచేస్తోందా, నా ఫోన్‌లోకి ఎలా తెచ్చుకోవాలి, పనిచేయకపోతే ఎవరితో చెప్పాలి. మీ పేజీలో ఈ నాలుగింటికీ జవాబు లేదు. మొదట చేయాల్సిన మార్పు ఇదే.

ఇది మీ ఒక్కరి లోపం అనుకోకు. ఈ రకం సైట్లన్నీ రాసేవాళ్లు తమ కోసం కట్టుకున్నవే. 2003లో న్యూజీలాండ్‌లో పనిచేస్తున్న డేవిడ్ నికోల్స్, అమెరికాలో పనిచేస్తున్న మైఖేల్ ట్విడేల్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడకంలోని సులువు గురించి ఒక పరిశోధన వ్యాసం రాశారు. ప్రోగ్రామర్లు తమలాంటి వాళ్లనే ఎదురుగా ఊహించుకుని కడతారని, మామూలు మనిషి అవసరం వాళ్ల చర్చల్లోకి రావడం కష్టమని అందులో వివరించారు. ఇన్నేళ్లయినా ఆ మాట పాతబడలేదు. గిట్‌హబ్‌నే చూడు. 2008లో మొదలైంది, ఒకరి కోడ్‌కు ఇంకొకరు మార్పు సూచించడాన్ని పుల్ రిక్వెస్ట్‌తో ఎంతో తేలిక చేసింది, రీడ్‌మీని మొదటి పేజీలోనే చూపించింది. దానికి ఆ గౌరవం దక్కాలి. అయినా వాడటానికి వచ్చినవాడికి ముందు కనిపించేది ఫైళ్ల జాబితా. ఎక్కించుకోవలసిన ప్రోగ్రాము విడుదలల పేజీలో ఓ పక్కన ఉంటుంది. వచ్చినవాడు పచ్చ బటన్ నొక్కి సోర్స్ జిప్ దించుకుని, అందులో నడిచేదేదో తెలియక వెనక్కి వెళ్లిపోతాడు. మీ సైటులో దించుకునే బటన్ ఒక్కటే ఉండాలి. అది ఎక్కించుకునే ఫైలునే ఇవ్వాలి. సోర్సు కావలసినవాడు దాన్ని వెతుక్కోగలడు.

బటన్ ఒక్కటే ఉండాలని ఎందుకు పట్టుబడుతున్నానంటే, సోర్స్‌ఫోర్జ్ కథ వల్ల. 1999 నవంబరులో వీఏ లినక్స్ వాళ్లు దాన్ని మొదలుపెట్టినప్పుడు, సొంత సర్వరు లేని ప్రాజెక్టులకు అది పెద్ద అండ. కోడ్ దాచుకునే చోటు, దించుకునే చోటు, తప్పులు నమోదు చేసే చోటు, అన్నీ ఉచితంగా ఒకేచోట. కొన్నేళ్లకు ఆ పేజీల్లో దించుకునే బటన్‌లాగే కనిపించే ప్రకటనలు చేరాయి. 2013లో కొన్ని ప్రాజెక్టుల ఇన్‌స్టాలర్లతో పాటు వేరే ప్రోగ్రాములను అంటగట్టే పద్ధతి వచ్చింది. ఆ ఏడు నవంబరులో బొమ్మలు దిద్దే ప్రోగ్రాము గింప్ ప్రాజెక్టు అక్కడి నుంచి వెళ్లిపోయింది. 2015లో, గింప్ వదిలేసి వెళ్లిన పేజీ నుంచే అలాంటి ఇన్‌స్టాలర్ ఇస్తున్నారని పెద్ద గొడవ జరిగింది. 2016లో సైటు చేతులు మారాక కొత్త యజమానులు ఆ పద్ధతిని ఆపేశారు. అప్పటికే చాలా ప్రాజెక్టులు తరలిపోయాయి. ఉచితంగా ఇచ్చే చోటు మీద జనం పెట్టుకున్న నమ్మకం ఆ బటన్‌లో ఉంటుంది. మీరు ఇచ్చే ప్రతి ఫైలు పక్కనా దాని పరిమాణం ఎంబీల్లో, విడుదల తేదీ, సరిచూసుకునే చెక్‌సమ్ రాయండి. ఎంబీల మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ, డేటా లెక్కపెట్టుకుని వాడేవాడు మొదట చూసేది అదే.

ఇక మీ నెట్ సంగతి. ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ సైటును మిగతావాటికంటే మెరుగ్గా కట్టే అవకాశం మీకు ఇక్కడే ఉంది.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చేదాకా దీవులకు ఉపగ్రహమే దిక్కు. సుమారు 2,300 కిలోమీటర్ల ఆ కేబుల్ పోర్ట్ బ్లెయిర్‌కూ, హావ్‌లాక్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకూ చేరింది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సెకనుకు 200 గిగాబిట్ల చొప్పున రెండు దారులు. మీ కాలేజీలో కూర్చుంటే అంతా వేగంగానే కనిపిస్తుంది. కానీ కమోర్టా పక్కనే ఉన్న కచాల్‌కు ఆ కేబుల్ నేరుగా దిగలేదు. కేబుల్ దిగిన దీవిలో కూడా టవరుకు దూరంగా ఉన్న ఊళ్లో సిగ్నల్ ఒక గీతే ఉంటుంది.

ఉపగ్రహం మీద పేజీ తెరిచేవాడికి ఏం జరుగుతుందో లెక్క వేసి చూడు. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అడగడానికి పైకీ కిందికీ, జవాబు రావడానికి పైకీ కిందికీ, మొత్తం నాలుగు దూరాలు. కాంతి వేగంతో వెళ్లినా అర సెకను దాకా పడుతుంది. పేరు వెతకడానికి ఒకసారి, కనెక్షన్‌కు ఒకసారి, ఎన్‌క్రిప్షన్ తాళం ఒప్పందానికి ఒకసారి, పేజీ అడగడానికి ఒకసారి. అంటే మొదటి అక్షరం కనిపించేసరికే రెండు సెకన్లు. ఆ తర్వాత మీ పేజీ ఫాంట్లను ఒక సర్వరు నుంచి, స్క్రిప్టులను మరొక సర్వరు నుంచి తెప్పిస్తే ప్రతి కొత్త సర్వరుకూ ఈ లెక్క మళ్లీ మొదలు. బ్యాండ్‌విడ్త్ పెంచితే ఇది తగ్గదు. రాకపోకలు తగ్గిస్తేనే తగ్గుతుంది. అందుకని మొదటి పేజీకి కావలసినవన్నీ మీ సర్వరు నుంచే రావాలి, స్క్రిప్టు నడవకపోయినా ఆ నాలుగు జవాబులు, బటన్ కనిపించాలి.

అంతకంటే ముఖ్యమైనది క్లోన్, అంటే రిపో మొత్తాన్ని నకలుగా దించుకోవడం. గిట్ క్లోన్ మధ్యలో ఆగిపోతే ఆగిన చోటు నుంచి మళ్లీ అందుకోదు, మొదటి నుంచీ రావలసిందే. మంచి నెట్ ఉన్నవాళ్లకు ఇది తెలియనే తెలియదు. దీవుల్లో పిల్లవాడు తొంభై శాతం దించుకుని లైను పోయినప్పుడు, తప్పు తనదేననుకుని వదిలేస్తాడు. ప్రతి రిపోకూ రాత్రిపూట ఒక గిట్ బండిల్ ఫైలు తయారు చేసి మామూలు ఫైలులా పెట్టండి. అది ఆగితే ఆగిన చోటు నుంచి దించుకోవచ్చు. దాని నుంచి క్లోన్ చేసుకుని, తర్వాత వచ్చిన చిన్న మార్పుల్ని మాత్రం నెట్ మీద తెచ్చుకుంటే సరిపోతుంది. అదే బండిల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి ఓడ ఎక్కే మనిషికి ఇచ్చినా చేరుతుంది. చరిత్రంతా అక్కరలేనివాడికి ఒక్క తాజా స్థితినే తెచ్చుకునే ఆజ్ఞను, నకలు చేసుకోవడానికి వీలుగా, పక్కనే రాసిపెట్టండి.

ఖాతా తెరవడం గురించి. చూడటానికీ దించుకోవడానికీ ఖాతా అడగకండి. తప్పు చెప్పడానికి వచ్చినవాడికైతే పేరు, ఒక ఈమెయిలు చాలు, వాళ్ల మాట మీలో ఒకరు చదివి ఇష్యూగా మార్చండి. కోడ్ మార్చే హక్కు ఉన్నవాళ్లకు మాత్రం రెండో తాళం తప్పనిసరి చేయండి, కానీ ఎస్ఎంఎస్ ఓటీపీ మీద ఆధారపడకండి. ఓడలో ఉన్నప్పుడు అది రాదు. గడియారం లెక్కతో ఫోన్‌లోనే అంకెలు పుట్టించే యాప్ అయితే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది.

తెలుగు విషయంలో మీరు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి, ఇవి ఇంగ్లీషులో కట్టినవాళ్ల కంటికి పడవు. రిపో పేరును తెలుగులో పెడితే గిట్‌హబ్ ఆ అక్షరాలు తీసేసి గీతలు పెడుతుంది. మీ దగ్గర కూడా చిరునామాకు ఇంగ్లీషు అక్షరాలే వాడక తప్పదు. కాబట్టి జాబితాలో పెద్దగా కనిపించవలసింది తెలుగులో రాసిన వివరణ, చిరునామా కాదు. తెలుగు పేరున్న ఫైళ్లను గిట్ మామూలుగా అంకెల గుత్తుల్లా చూపిస్తుంది, దానికి ఒక సెట్టింగ్ ఉంది, మొదటి రోజే మార్చి సహాయం పేజీలో రాయండి. కోడ్ చూపే చోట వరుసల మధ్య ఎడం తక్కువగా ఉంటే ఒత్తులు కోసుకుపోతాయి. నీ ఫోన్‌లోనే ‘స్త్రీ’ అని రాసి చూడు. వెతుకులాటలో ఇంకో చిక్కు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘వ’ ఒత్తుగా మారిపోకుండా విడిగా నిలవడానికి మధ్యలో కనిపించని అక్షరం ఒకటి వేస్తాం. కొందరు వేస్తారు, కొందరు వేయరు. యంత్రానికి అవి రెండు వేరు మాటలు. వెతికేముందు ఆ కనిపించని అక్షరాన్ని రెండు వైపులా తీసేస్తే పని జరుగుతుంది. ఫోర్జెయో తెర మీది మాటల అనువాదం వెబ్‌లేట్‌లో జరుగుతుంది, మీరూ చేరి తెలుగు చేయవచ్చు. దీవుల్లో తెలుగువాళ్లతో పాటు బెంగాలీ, తమిళం, హిందీ, నికోబారీ మాట్లాడేవాళ్లు ఉన్నారు. భాష మార్చుకునే చోటు పేజీ పైనే ఉండాలి, అడుగున కాదు.

మన దగ్గర ఇలాంటివి ముందే ఉన్నాయి, చూసి నేర్చుకో. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే ఓపెన్ సోర్స్ సంస్థ వాళ్లు సొంతంగా గిట్‌ల్యాబ్ నడుపుతున్నారు, ఇంటర్న్‌షిప్ పిల్లల చేత దానిలోనే పని చేయిస్తున్నారు. కొత్తవాళ్లు గుంపుగా వచ్చినప్పుడు ఎక్కడ తడబడతారో వాళ్లకు బాగా తెలుసు, అడిగితే చెప్తారు. భారత ప్రభుత్వం తన శాఖల సోర్సు కోడ్‌ను పంచుకోవాలని 2015లో విధానం తెచ్చి, 2017లో ఓపెన్‌ఫోర్జ్ అనే సైటు పెట్టింది. ఆలోచన చాలా గొప్పది. ఒక రాష్ట్రం రాసుకున్నది ఇంకో రాష్ట్రం మళ్లీ డబ్బు పెట్టి రాయించుకోనక్కరలేదు.

మూసివేత గురించి కూడా ఇప్పుడే ఆలోచించండి, బాధపడకుండా. గూగుల్ కోడ్ 2006లో మొదలై 2016 జనవరిలో మూతపడింది. మైక్రోసాఫ్ట్ వారి కోడ్‌ప్లెక్స్ 2017లో వెళ్లిపోయింది. అంత పెద్దవాళ్లే ఆపేశారు. మన దేశంలోనే 2014 డిసెంబరులో టెలికాం శాఖ ఆదేశంతో 32 సైట్లను ఆపినప్పుడు, వాటిలో సోర్స్‌ఫోర్జ్, గిట్‌హబ్ పేజీలు కూడా ఉన్నాయి. కోడ్ అయితే క్లోన్ చేసుకున్న ప్రతివాడి దగ్గరా ఉంటుంది. ఇష్యూలు, వాటి కింద జరిగిన చర్చలు మాత్రం సైటు డేటాబేసులోనే ఉంటాయి, సైటుతో పోతాయి. ఒక తప్పు ఎందుకొచ్చింది, ఎలా సరిచేశారు అన్న తెలివంతా అక్కడే ఉంటుంది. ప్రతి వారం వాటిని మామూలు పాఠ్యంగా మార్చి ఒక రిపోలోనే పెట్టేయండి. దీవులు భూకంపాల ముప్పు ఎక్కువగా ఉన్న ప్రాంతంలో ఉన్నాయి, 2004 డిసెంబరు 26 సునామీ గురించి మీ అమ్మకు నేను వేరే చెప్పనక్కరలేదు. మీ సర్వరులో ఉన్నదంతా నకలుగా ఉంచే అద్దం సర్వరు ఒకటి ప్రధాన భూభాగంలో ఉండి తీరాలి. ఫ్రాన్స్‌లో మొదలైన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ భాండాగారానికి మీ చిరునామా ఇస్తే వాళ్లు కూడా ఒక ప్రతి దాచుకుంటారు.

ఈ మధ్య ఇంకో భారం వచ్చిపడింది. కృత్రిమ మేధకు కోడ్ పోగుచేసే యంత్రాలు ఇలాంటి చిన్న సైట్ల మీద పడి, పాత మార్పుల పేజీలన్నీ అడిగి సర్వరును కూలదోస్తున్నాయి. 2025లో లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ వాళ్లు, వచ్చిన ప్రతి బ్రౌజరు చేతా ఒక లెక్క చేయించే అనూబిస్ అనే అడ్డు పెట్టుకున్నారు. వాళ్లకు తప్పలేదు. మీరు దాన్ని సైటంతటికీ పెడితే పాత ఫోన్ ఉన్న మనిషి ఆ లెక్క దగ్గరే ఆగిపోతాడు. చరిత్ర పేజీలకు మాత్రం పెట్టండి, మొదటి పేజీనీ దించుకునే ఫైళ్లనూ తెరిచే ఉంచండి.

లైసెన్సు లేని కోడ్‌ను నకలు తీసి పంచుకునే హక్కు ఇతరులకు ఉండదు, పిల్లలు మరిచిపోయేది ఇదే. రిపో తెరిచేటప్పుడే ఆ ప్రశ్న వేయండి, దాటవేసే వీలు ఇవ్వకండి. స్టార్ల లెక్క మాత్రం మొదటి పేజీలోంచి తీసేయమని నా సలహా. ముగ్గురికే పనికొచ్చే ప్రోగ్రాము ఆ ముగ్గురికీ ప్రాణం కావచ్చు.

ఇవన్నీ చేశాక, లేదా సగం చేశాకే, ఐదుగురి ముందు ఫోన్ పెట్టు. మీ క్లాసువాళ్లు కాదు. ఒక బడి పంతులు, ఒక ఆఫీసు గుమాస్తా, జంగ్లీఘాట్ నుంచి ఒకరు, హట్ బే నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి, తెలుగు రాని ఒకరు. ‘ఈ ప్రోగ్రాము మీ ఫోన్‌లో ఎక్కించుకోండి, మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్తూ చేయండి’ అని అడుగు. తర్వాత నోరు మెదపకు. వేలు ఎక్కడ ఆగిందో రాసుకో. సాయం చేయాలని చెయ్యి దురద పెడుతుంది, చేయకు. చేశావో, వాళ్లు ఆగిన చోటు నీకు కనిపించదు.

అద్దం సర్వరు ఇక్కడ మా ఇంట్లో పెడతాను. యంత్రం సిద్ధంగా ఉంది, కరెంటు పోయినా కొన్ని గంటలు నిలబడుతుంది. నీ పబ్లిక్ కీ పంపు, ప్రైవేటు కీ పొరపాటున కూడా పంపకు. రాత్రి రెండు గంటల తర్వాత నకలు తీసుకునేలా సమయం పెట్టు, అప్పుడు మీ లైను ఖాళీగా ఉంటుంది. ఆ ఐదుగురి దగ్గర రాసుకున్నవి కూడా దిద్దకుండా ఉన్నవి ఉన్నట్టే పంపించు.

ఆశీస్సులతో,
మావయ్య