బుజ్జికి మామయ్య ఉత్తరం

చిరంజీవి బుజ్జికి,


మీ కంపెనీ గందరగోళం గురించి మొన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. తప్పంతా వర్క్ ఫ్రమ్ హోమ్‌ మీదికి నెట్టకు. మీ మేనేజరు శాన్‌ఫ్రాన్సిస్కోలో కాకుండా మాదాపూర్‌లో నీ పక్క సీట్లో కూర్చున్నా ఇదే గోల. ఏ పని ముందో, ఏది వెనకో తేల్చే నాథుడు మీ దగ్గర లేడు. ఆఫీసులో అయితే టీ దగ్గర నలుగురూ మాట్లాడుకుని ఆ లోటు కొంత పూడుస్తారు. రాజమండ్రిలో ఇంట్లో కూర్చున్న నీకు ఆ దారి లేదు.

అందుకని కాల్‌లో విన్నది వెంటనే రాసి పెట్టు. సోమవారం ఒకటి చెప్పి, బుధవారం "అలా ఎవరు చెయ్యమన్నారు?" అనే మనిషి కదా ఆయన. కాల్ అవగానే స్లాక్‌లో, అందరూ చూసే చానల్‌లో పెట్టు: "పేమెంట్స్ ఆపి లాగిన్ బగ్ చూడమన్నారు. కాబట్టి పేమెంట్స్ వచ్చే శుక్రవారానికి జరుగుతుంది. కాదంటే ఇవాళే చెప్పండి." విడిగా మెసేజ్ పెడితే లాభం లేదు, రేపు నీకు సాక్షులు ఉండరు. జిరాలో ఆ పని గడువు కూడా అప్పుడే మార్చెయ్.

రాసిపెట్టడం అంటే ఏమిటో గిట్‌ల్యాబ్‌ని చూసి నేర్చుకో. అదీ ఇళ్ల నుంచి నడిచే సాఫ్ట్‌వేర్ కంపెనీయే. 2017 జనవరి 31 రాత్రి అక్కడ ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. తేరుకుని ఆపేసరికి 300 జీబీలో మిగిలింది నాలుగున్నర జీబీ. బ్యాకప్‌లు తెరిచి చూస్తే ఒక్కటీ అక్కరకు రాలేదు! ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఉండబట్టి గట్టెక్కారు. అయినా వాళ్లు నోట్సు లోకమంతా చూసేలా తెరిచారు, రికవరీని యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చారు, కారణాలన్నీ తర్వాత వివరంగా రాశారు. తప్పంతా ఆ ఇంజినీరు మెడకు మాత్రం చుట్టలేదు. మరి పోయిన నెల మీ సర్వర్ పడితే? నిన్ను అందరి ముందూ నిలదీసి, కారణం ఎక్కడా రాయకుండా వదిలేశారు. గిట్‌ల్యాబ్ వాళ్లు రాసింది తీరిగ్గా చదువు. మంచి మేనేజ్‌మెంటు ఎలా ఉంటుందో చూడకపోతే ఇదే లోకరీతి అనుకుంటావు.

ఇక వేళల సంగతి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం 9కి పెట్టే మీటింగు నీకు రాత్రి 9:30కి. నవంబరులో అక్కడ గడియారం వెనక్కి తిప్పాక 10:30కి. ఆ మీటింగు తప్పదు, సరే. కానీ పొద్దున తొమ్మిదికే స్లాక్‌లో ఆకుపచ్చ చుక్క వెలిగించమని నిన్నెవరు అడిగారే? మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టు, ఆ మాట ప్రొఫైల్‌లో రాసిపెట్టు. మీ అమ్మ కూడా కాస్త స్థిమితపడుతుంది.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. నువ్వు ఉద్యోగివైతే ఉమాంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ నెలనెలా చూడు, టీడీఎస్ కట్టారో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో మూడు నెలలకోసారి చూసుకో. పేస్లిప్పులో కోసిన సొమ్ము అక్కడ చేరకపోతే ఆ కంపెనీతో ఇక బేరాల్లేవు, బయటికొచ్చెయ్. కాంట్రాక్టరువైతే పీఎఫూ లేదు, గ్రాట్యుటీ లేదు. ఆ మేరకు ఎక్కువ అడిగి తీసుకోవాలి.

ఇంకొకటి. మేనేజరు చెయ్యాల్సిన పని నెత్తినేసుకుని కంపెనీని నువ్వే నిలబెడతానని అనుకోకు. ఆ పనికి నీకు జీతమూ లేదు, అధికారమూ లేదు. ఉగాది దాకా చూడు. అప్పటికీ మారకపోతే ఇంటర్వ్యూలకి వెళ్లు. వాళ్లు "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నప్పుడు, చివరిసారి సర్వర్ పడ్డప్పుడు ఏం రాసుకున్నారో అడుగు. నీళ్లు నమిలితే అక్కడా ఇదే కథ.

పీఎఫ్, టీడీఎస్ సొమ్ము ఎగ్గొడితే తప్ప, చేతిలో ఆఫర్ లేకుండా మాత్రం రాజీనామా పెట్టకు. ముందు ఇప్పటి ఉద్యోగం ఆఫర్ లెటర్ నాకు వాట్సాప్ చెయ్యి. నోటీసు 90 రోజులని ఉంటే ఉగాది దాకా ఆగక్కర్లేదు, ఈ వారమే వెతకడం మొదలుపెట్టాలి.

ఆశీస్సులతో,
మామయ్య