‘ఆయనే మానేసిండు’ అంటే సరిపోదు

యాదగిరిగుట్ట లాడ్జీలు, హోటళ్లలో వంటవాళ్లు, రూమ్ బాయ్‌లు, స్వీపర్ల కొలువులు పోయే తీరు దాదాపు ఒకటే. ‘రేపటి సంది రావొద్దు’ అని నోటిమాటతో పంపేస్తారు. లేబర్ ఆఫీసు పిలిస్తే మాత్రం ‘మేం తీసెయ్యలే, ఆయనే మానేసిండు’ అంటారు.

ఈ జవాబు దానంతటదే చెల్లదు. ఎనిమిది రోజులకు మించి రాకపోతే ఉద్యోగం పోయినట్టేనన్న కంపెనీ నిబంధన ఉన్నా, విచారణ జరపకుండా, సంజాయిషీ వినకుండా తీసేయడం కుదరదని డి.కె.యాదవ్ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే తేల్చింది. 2019 అక్టోబర్ 5న మొదలైన ఆర్టీసీ సమ్మెలో, గడువులోగా రాని కార్మికులు తమంతట తామే తొలగిపోయినట్టని ప్రభుత్వం ప్రకటించింది. ఆ సమ్మె చట్టబద్ధమా కాదా అన్నది వేరే తగువు. విచారణ లేకుండా అంతమందిని ఒక్క ప్రకటనతో తీసేసే అధికారం మాత్రం ఏ కార్మిక చట్టంలోనూ లేదు. 52 రోజుల సమ్మె ముగిశాక ఆ ప్రభుత్వమే వాళ్లను డ్యూటీలోకి రమ్మంది.

లాడ్జీ కార్మికుడికి అంత బలగం ఉండదు. అతడి కేసు మునిగేది చాలాసార్లు అతడి సంతకంతోనే. ‘లెక్క చూసుకుందాం, ఇక్కడ సంతకం పెట్టు’ అంటే తెల్లకాగితం మీద పెట్టేస్తాడు. తర్వాత దాని పైన రాజీనామా వెలుస్తుంది. దుకాణాలు, సంస్థల చట్టం (1988) ప్రకారం ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసినవారిని సరైన కారణం లేకుండా తీసేయాలంటే నెల ముందు రాతపూర్వక నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. రాజీనామా బయటికొస్తే ఆ హక్కు అడగడమే కష్టం. జీతం బాకీ ఎంత ఉన్నా సరే, తెల్లకాగితం మీద సంతకం పెట్టకూడదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా, కాగితం ఇచ్చొచ్చాకే వకీలు దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గడం లేదు.

రావొద్దన్న వారంలోనే ‘పనికి సిద్ధంగా ఉన్నాను, డ్యూటీ ఇవ్వండి’ అని యజమానికి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, రసీదు దాచుకోవాలి. ఫోన్‌పేలో పడిన జీతం, డ్యూటీ వాట్సాప్ మెసేజీలు, పీఎఫ్ నంబరు అన్నీ సాక్ష్యాలే. ఆధారాలు లేవని ఫిర్యాదు తిప్పి పంపే అధికారులకు, హాజరు, జీతాల రిజిస్టర్లు ఉంచాల్సింది యజమానేనని గుర్తుచేయక తప్పడం లేదు. ‘మళ్లీ పిలుస్తాం’ అన్న మాట నమ్మి ఏళ్లు గడపడమూ ప్రమాదమే. తొలగింపు తగువుకు పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో మూడేళ్ల గడువుండేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని రెండేళ్లకు కుదించింది.